ఇంట్లో నిమ్మ, బత్తాయి వోడ్కా కాక్‌టెయిల్: వాసన తొక్కది, పులుపు రసానిది

చాలా ఇళ్ళలో వోడ్కా తాగే పద్ధతి ఒక్కటే. గ్లాసులో పెగ్గు పోయడం, పైన స్ప్రైటో లిమ్కానో నింపడం, నిమ్మచెక్క ఒకటి పడేయడం. తియ్యగా గొంతులోకి దిగిపోతుంది, అంతవరకే. నిమ్మకాయ రుచి అందులో వెతుక్కోవాలి. వోడ్కాకి తనకంటూ పెద్ద రుచి ఉండదు కాబట్టి మనం ఏం కలిపితే అదే పైకి తేలుతుంది. బజారుకెళ్తే నిమ్మ, బత్తాయి, కమలా, అదృష్టం బాగుంటే దబ్బకాయ కూడా తాజాగా దొరికే చోట ఉంటూ, సీసా కూల్‌డ్రింకుతో సరిపెట్టుకోవడం నాకు అస్సలు నచ్చదు.

నా పుట్టిల్లు తెనాలి, నిమ్మకాయల మార్కెట్టున్న ఊరు. అత్తగారిది నల్గొండ జిల్లా, బత్తాయి తోటల వైపు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నాం. నేను చేసే ఈ డ్రింకులో అటు నిమ్మ, ఇటు బత్తాయి రెండూ ఉంటాయి, తొక్కలతో సహా. అసలు విషయం ఆ తొక్కలదే.

రసంలో ఉండేది పులుపు, తీపి. నిమ్మకాయ అనగానే ముక్కుకు గుర్తొచ్చే ఆ పరిమళం మాత్రం పైతొక్కలో ఉంటుంది. తొక్క మీద కనిపించే సన్నటి చుక్కలన్నీ నూనె తిత్తులే. చిన్నప్పుడు కమలా తొక్క మడిచి పక్కవాళ్ళ కళ్ళలోకి చిమ్మిన వాళ్ళందరికీ ఆ నూనె సంగతి తెలుసు. అది నీళ్ళలో సరిగ్గా కలవదు. ఆల్కహాల్లో కలుస్తుంది. పంచదారతో నలిపితే తొక్కలోంచి బయటికి వస్తుంది. షాపుల్లో అమ్మే నిమ్మ ఫ్లేవర్ వోడ్కాల వెనకున్న ఆలోచన కూడా ఇదే. 1988లో అబ్సల్యూట్ వాళ్ళు సిట్రాన్ పేరుతో నిమ్మ వోడ్కా తెచ్చారు, కాస్మోపాలిటన్ అనే కాక్‌టెయిల్ ఊరూరా పాకడంలో ఆ సీసాకి పెద్ద వాటా ఉంది. మనకి ఆ ప్రత్యేకమైన సీసా అక్కర్లేదు. మామూలు వోడ్కా, నాలుగు కాయలు, ఒక పీలర్ ఉంటే ఇంకా మంచి వాసన ఇంట్లోనే వస్తుంది.

వోడ్కా గురించి రెండు ముక్కలు చెప్పి వదిలేస్తాను. ఫ్లేవర్ లేనిది కొనండి. మధ్యరకం ధరలో ఉన్నది చాలు. నిమ్మరసం కింద ఖరీదైన వోడ్కా తేడా తెలియదు, మరీ చవకదైతే మాత్రం గొంతులో మంట దాగదు. మన దేశంలో తయారయ్యే చాలా వోడ్కాల్లో ఆల్కహాల్ 42.8 శాతం ఉంటుంది, కొన్నిట్లో ఇంకా తక్కువ. లేబుల్ చూసుకోండి, ఎందుకో చివర్లో చెప్తాను.

ముందురోజు రాత్రి చేసుకోవాల్సింది తొక్క పాకం. ఒక దబ్బకాయ దొరికితే అంతకంటే కావాల్సిందేమీ లేదు. పులిహోరకి వాడే ఆ కాయకి తొక్క మందం, నూనె దండిగా ఉంటుంది. దొరక్కపోతే రెండు బత్తాయిలు, నాలుగు నిమ్మకాయలు తీసుకోండి. గోరువెచ్చటి నీళ్ళలో వేసి చేత్తో బాగా రుద్ది కడిగి తుడవాలి. సూపర్‌మార్కెట్లో మెరుస్తూ కనిపించే కాయలకి మైనం పూత ఉంటుంది, వాటిని కొంచెం ఎక్కువసేపు రుద్దండి. తర్వాత పీలర్‌తో పైపొర మాత్రమే, పల్చగా తీయాలి. తీసిన ముక్కని తిప్పి చూడండి. లోపలివైపు తెల్లగా దళసరిగా ఉంటే లోతుకి పోయారన్నమాట, ఆ తెల్ల పొర చేదు. చాకుతో గీకి తీసేయొచ్చు. మన నిమ్మకాయ తొక్క పల్చన, పీలర్‌కి సరిగ్గా దొరకదు. దాన్ని కొబ్బరి తురిమినట్టు కాకుండా, సన్న కన్నాల గ్రేటర్ మీద కాయని తిప్పుతూ రెండేసి సార్లు మాత్రమే రుద్దండి. పసుపూ ఆకుపచ్చా రంగు పోయి తెలుపు కనపడగానే ఆపేయాలి.

ఈ తొక్కలన్నీ ఒక గిన్నెలో వేసి 100 గ్రాముల పంచదార పోయండి. ఇప్పుడు పప్పుగుత్తి తీసుకుని మెదపాలి. పొడి చేయక్కర్లేదు, తొక్క నలిగి పంచదార తడి ఇసుకలా ముద్ద కట్టేదాకా చాలు. ఆ రెండు నిమిషాల్లోనే వంటిల్లంతా వాసన పట్టేస్తుంది. మూత పెట్టి రాత్రంతా బయటే ఉంచండి. పొద్దున చూస్తే గిన్నె అడుగున చిక్కటి ద్రవం దిగి ఉంటుంది. తొక్కలు ముడుచుకుపోయి గట్టిపడి ఉంటాయి. అందులో 100 మిల్లీలీటర్ల వేడినీళ్ళు పోసి పంచదార పూర్తిగా కరిగేదాకా కలిపి వడకట్టాలి. పొయ్యి మీద పెట్టి మరిగించొద్దు, మరిగిస్తే ఆ తాజా వాసన ఆవిరితో పోతుంది, ఉడికిన తొక్క రుచి మిగులుతుంది. శుభ్రమైన గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే రెండు వారాలు వాడుకోవచ్చు. వడకట్టాక మిగిలిన తొక్కల్ని పారేయకండి, ఆరబెట్టి టీలో ఒక్కో ముక్క వేసుకుంటే బాగుంటుంది.

పాకం చేయడానికి ఓపిక లేకపోతే ఇంకో దారి ఉంది. అవే తొక్కల్ని సగం సీసా వోడ్కాలో వేసి మూత పెట్టి ఒకట్రెండు రోజులు ఉంచి, రంగు లేత పసుపుకి తిరిగాక తొక్కలు తీసేయడం. రోజుకోసారి చుక్క నాలిక మీద వేసుకుని చూడండి, ఎక్కువ రోజులుంచితే చేదు దిగుతుంది. ఇలా చేసిన వోడ్కాలో నీళ్ళు కలిపితే కొంచెం మబ్బుగా మారొచ్చు. పాడైపోలేదు, ఆల్కహాల్ పల్చబడి నూనె విడిపోవడం వల్ల అలా కనిపిస్తుంది. నాకైతే పాకం పద్ధతే ఇష్టం. తీపీ వాసనా ఒకేచోట ఉంటాయి, పైగా ఇంట్లో తాగనివాళ్ళకి అదే పాకంతో సోడా కలిపి ఇవ్వొచ్చు.

ఇక రసం. ఇక్కడ బత్తాయి విషయంలో జాగ్రత్త కావాలి. బత్తాయి రసం పిండి గంట పక్కన పెడితే చేదెక్కుతుందని మనందరికీ తెలుసు, జ్యూస్ బండి దగ్గర మన ఎదురుగానే పిండి ఇచ్చేది అందుకే. కాయ తొనల పొరల్లో, గింజల్లో ఒక పదార్థం ఉంటుంది. కాయలో ఉన్నంతసేపు దానికి చేదు లేదు. పొర చిట్లి రసంలోని పులుపుతో కలిశాక మెల్లగా లిమోనిన్ అనే చేదు పదార్థంగా మారుతుంది. అంటే కాయ తప్పేమీ లేదు, ఆలస్యమే తప్పు. కాబట్టి బత్తాయి రసం కాక్‌టెయిల్ కలిపే ముందే పిండాలి. మిక్సీలో వేయకండి, గింజలు నలిగి మొదటి నిమిషంలోనే చేదొస్తుంది. అడ్డంగా కోసి, చేత్తో తిప్పే ప్లాస్టిక్ జ్యూసర్ మీద మెల్లగా నొక్కి, చివరి చుక్కదాకా పిండకుండా వదిలేయండి.

నిమ్మకి ఆ బాధ లేదు గానీ, అదీ తాజాగా ఉంటేనే బాగుంటుంది. పల్చటి నున్నటి తొక్క, చేతిలో పట్టుకుంటే సైజుకి మించిన బరువు ఉన్న కాయ ఏరుకోండి. కోసే ముందు అరచేత్తో బల్ల మీద అదిమి దొర్లిస్తే రసం బాగా వస్తుంది. గింజలు పడనివ్వకండి. సీసాల్లో అమ్మే నిమ్మరసం ఈ డ్రింకుకి పనికిరాదు.

ఈ రెండూ ఎందుకు కలపాలంటే, బత్తాయిలో పులుపు చాలా తక్కువ. ఒట్టి బత్తాయితో చేస్తే చప్పగా, జ్వరం వచ్చినవాళ్ళకి ఇచ్చే జ్యూస్‌లో మందు పోసినట్టు ఉంటుంది. ఒట్టి నిమ్మతో చేస్తే పదును ఎక్కువై పంచదార ఎక్కువ పోయాల్సొస్తుంది. నిమ్మ పులుపునిస్తుంది, బత్తాయి ఆ పులుపుకి నిండుదనం ఇస్తుంది.

ఒక గ్లాసుకి కొలత ఇది: వోడ్కా 60 మిల్లీలీటర్లు, బత్తాయి రసం 30, నిమ్మరసం 20, తొక్క పాకం 15, ఉప్పు కొన్ని రేణువులు. పెగ్గు కొలత లేకపోతే దగ్గు మందు సీసా మీద వచ్చే చిన్న కప్పు వాడండి, దాని మీద 5, 10 గీతలు ఉంటాయి. కొలవకుండా కళ్ళతో పోసేస్తే ఒక్కో గ్లాసు ఒక్కోలా వస్తుంది. ఉప్పు ఎందుకంటే, అది చేదుని అణచి కాయ రుచిని పైకి తెస్తుంది. నాలిక మీద ఉప్పగా తెలిసిందంటే ఎక్కువైనట్టే.

ఐసు గురించి ఎవరూ పట్టించుకోరు, డ్రింకు సగం పాడయ్యేది అక్కడే. మన ఫ్రీజర్లో మాంసం, చేపలు, అల్లంవెల్లుల్లి ముద్ద పక్కనే ఐస్ ట్రే ఉంటుంది. ఆ వాసనలన్నీ ఐసు పీల్చుకుంటుంది. కాచి చల్లార్చిన నీళ్ళతో కొత్తగా ఐసు పెట్టి, మూతున్న ట్రేలోనో, గట్టిగా కట్టిన కవర్లోనో ఉంచండి. వాడేటప్పుడు ఫ్రీజర్లోంచి తీసిన వెంటనే వాడాలి. అరగంట గిన్నెలో కూర్చుని నీళ్ళూరుతున్న ఐసు వేస్తే డ్రింకు పల్చబడిపోతుంది.

షేకర్ లేదా? మూత బిగుతుగా పట్టే స్టీలు బాటిల్, వెడల్పు నోరున్నది, చక్కగా పనికొస్తుంది. రసాలు, వోడ్కా, పాకం, ఉప్పు అన్నీ పోసి ముందు ఓ స్పూనుతో కలిపి చుక్క రుచి చూడండి. ఈ దశలో కొంచెం తీపీ పులుపూ రెండూ ఎక్కువగానే అనిపించాలి, ఎందుకంటే ఐసు కరిగి ఇంకో నాలుగో వంతు నీళ్ళు చేరతాయి. ఆ నీళ్ళు కూడా కొలతలో భాగమే. ఇప్పుడు బాటిల్ మూడొంతులు ఐసుతో నింపి, మూత బిగించి, రెండు చేతులతో పట్టుకుని గట్టిగా ఆడించాలి. పన్నెండు నుంచి పదిహేను సెకన్లు. ఐసు స్టీలుకి తగిలే చప్పుడు మొదట టకటకమని గట్టిగా ఉంటుంది, తర్వాత మెత్తబడుతుంది. బాటిల్ బయటివైపు తెల్లగా మంచు పడుతుంది, చేతులు అంటుకుపోతున్నట్టు ఉంటాయి. అది ఆపాల్సిన సమయం. ఆల్కహాల్ ఉండటం వల్ల లోపల చల్లదనం సున్నా డిగ్రీల కిందికి దిగుతుంది, అందుకే ఆ మంచు. ఐసు పిసినారితనంగా నాలుగు ముక్కలే వేస్తే అవన్నీ కరిగి నీళ్ళవుతాయి తప్ప డ్రింకు చల్లబడదు.

ముందే ఫ్రీజర్లో పెట్టి ఉంచిన చిన్న గ్లాసులోకి టీ జాలితో వడకట్టండి. పైన సన్నటి నురుగు నిలుస్తుంది. చివరగా బత్తాయి తొక్క ముక్క ఒకటి తీసుకుని, రంగువైపు గ్లాసుకేసి ఉంచి రెండు వేళ్ళతో విరిచినట్టు వంచండి. వెలుతురులో చూస్తే సన్నటి తుంపర చిమ్మడం కనిపిస్తుంది, నురుగు మీద నూనె చుక్కలు మెరుస్తాయి. ఆ తొక్కతోనే గ్లాసు అంచు చుట్టూ ఒకసారి రాసి లోపల వేసేయండి. మొదటి గుటక నోట్లో పడేలోపే ముక్కుకు వాసన అందుతుంది.

ఎండాకాలంలో అదే మిశ్రమాన్ని పొడుగు గ్లాసులో ఐసు మీద పోసి 100 మిల్లీలీటర్ల సోడా కలిపితే మధ్యాహ్నానికి సరిగ్గా సరిపోతుంది. పంపర పనస దొరికిన రోజున బత్తాయి బదులు దాని రసం 60 వేసి, నిమ్మ 10కి తగ్గించి, గ్లాసు అంచుకి ఉప్పు అద్దండి. అమెరికాలో సాల్టీ డాగ్ అని పంపర పనసకి దగ్గరి చుట్టమైన గ్రేప్‌ఫ్రూట్‌తో చేసేది దాదాపు ఇదే.

చుట్టాలు వచ్చినప్పుడు ఒక్కో గ్లాసూ ఆడిస్తూ కూర్చోలేం. మా మరిది, తోడికోడలు వస్తే ఎనిమిది గ్లాసులకి ఒకేసారి కలిపేస్తాను: వోడ్కా 480, పాకం 120, నీళ్ళు 220, రెండు చిటికెల ఉప్పు. ఇవన్నీ పొద్దున్నే సీసాలో పోసి ఫ్రీజర్లో పెట్టొచ్చు, ఇంటి ఫ్రీజర్ చల్లదనానికి ఇది రాయిలా గడ్డకట్టదు, మహా అయితే కొంచెం తరకలు కడుతుంది. బత్తాయి రసం 240, నిమ్మరసం 160 మాత్రం అందరూ కూర్చున్నాకే పిండి కలపాలి. "వదినా, ఇందులో వోడ్కా వేశావా అసలు?" అని మా మరిది ప్రతిసారీ అడుగుతాడు. చల్లదనం, పులుపు కలిసి ఆల్కహాల్ మంటని కప్పేస్తాయి కదా. అందుకే లేబుల్ చూడమన్నది. 42.8 శాతం వోడ్కా 60 మిల్లీలీటర్లంటే ఇంచుమించు 20 గ్రాముల ఆల్కహాల్, అదీ ఒక్క గ్లాసులో. వేరుశనగలో, పకోడీలో కడుపులో ఏదో పడ్డాకే ఇవ్వండి, మధ్యలో మంచినీళ్ళ జగ్గు పెట్టండి. నిద్రమాత్రలు, యాంటీబయాటిక్స్ వాడుతున్నవాళ్ళకీ, బండి నడిపి ఇంటికెళ్ళాల్సినవాళ్ళకీ, 21 ఏళ్ళు నిండని పిల్లలకీ పాకం, నిమ్మ, సోడాతో చేసిన గ్లాసు ఇవ్వండి. పైన తొక్క విరవడం మాత్రం వాళ్ళ గ్లాసుకి కూడా మర్చిపోవద్దు.