హైవే వెంట ఊళ్ల మాస్టర్ ప్లాన్‌లో మన మాట చేరాలంటే ఏం చేయాలి?

విజయవాడ నుంచి గుంటూరు దాకా 16వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్తుంటే ఏ ఊరు ఎక్కడ అయిపోయిందో ఇప్పుడు పోల్చుకోవడం కష్టం. తాడేపల్లి, మంగళగిరి, కాజ, నంబూరు, పెదకాకాని ఒకదాన్నొకటి ఆనుకునేలా పెరుగుతున్నాయి. ఏ పొలం కాలనీ అవుతుందో, ఏ డొంక పెద్ద రోడ్డు అవుతుందో మాస్టర్ ప్లాన్‌లో గీసి ఉంటుంది. ముసాయిదా వచ్చాక అభ్యంతరాలకు గడువిస్తారు. అప్పుడు మొదలుపెడితే ఆలస్యమే. ముందే ఊరు సిద్ధంగా ఉండాలి.

మొదట మ్యాప్ సంపాదించండి. ఒకప్పటి వీజీటీఎం ఉడా (విజయవాడ-గుంటూరు-తెనాలి-మంగళగిరి పట్టణాభివృద్ధి సంస్థ) స్థానంలో 2014 చివర్లో సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) వచ్చింది. మంగళగిరి, తాడేపల్లి 2021లో ఒకే నగరపాలక సంస్థ అయ్యాయి. మీ వీధి ఎవరి పరిధిలోకి వస్తుందో మీ ఊరి లేదా వార్డు సచివాలయంలో అడిగి, అక్కడి ప్లానింగ్ విభాగానికి వెళ్లండి. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి.

చిన్న కాగితం మీద ఊరు అగ్గిపెట్టెంత ఉంటుంది. ఫ్లెక్సీ షాపులో ఆరడుగుల వెడల్పున ప్రింటు తీయించి, రామాలయం అరుగు మీద పరవండి. మీటింగ్ పెట్టేముందే రామాలయం, చెరువు, వాటర్ ట్యాంకు, బస్‌స్టాపు లావు స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టండి. మా ఊళ్లో ఒక పెద్దాయన పావుగంట సేపు మ్యాప్ వంక చూస్తూనే ఉండిపోయారు. చెరువుకట్ట చూపించగానే ఆయన వేలు కట్ట మీదుగా, కాలువ దాటి, తిన్నగా తన చేను మీదికి వెళ్లి ఆగింది. అక్కడ పసుపు రంగు ఉంది, అంటే నివాస ప్రాంతం. అప్పటిదాకా ఆ సంగతి ఆయనకు తెలియదు. రంగులు చదివేటప్పుడు మ్యాప్ మీదున్న సూచికతో తప్పక సరిచూసుకోండి.

మీటింగ్ టైమ్ కూడా ముఖ్యమే. మంగళగిరిలో మగ్గం దిగాకే నేతన్నలకు తీరిక. కూలీలు చీకటి పడ్డాక గానీ ఇల్లు చేరరు. అందుకని రాత్రి ఏడున్నర తర్వాత పెట్టండి. ఆడవాళ్లను విడిగా కూర్చోబెట్టి అడగండి. స్కూలు దారి, ఆటో ఎక్కే చోటు, మురుగు నిలిచే మలుపు వాళ్లకే బాగా తెలుసు. కౌలు రైతుల్ని మర్చిపోవద్దు. పట్టా వేరొకరి పేరున ఉండొచ్చు, బతుకు మాత్రం వాళ్లది.

తర్వాత ఒక ఆదివారం పొద్దున్నే వాగు వెంట నడవండి. నా దృష్టిలో అన్నిటికన్నా విలువైన పని ఇదే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ ఎలా మునిగిందో చూశాం. ఇటువైపు కొండవీటి వాగు ఉంది. నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో పెద్దవాళ్లను అడుగుతూ, గోడల మీద మరకలు ఫొటో తీస్తూ, ఆ గీతను ఫ్లెక్సీ మీద వేయండి. నీళ్లు పారే దారిలో ఇళ్ల స్థలాలు గీసి ఉంటే వెంటనే బయటపడుతుంది.

ఇక అర్జీ. ‘మాకు అన్యాయం జరుగుతోంది’ అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. సర్వే నంబరు, ముసాయిదాలో ఏం చూపించారు, నేల మీద ఏముంది, ఏం మార్చాలి అన్న నాలుగూ ఒకే పేజీలో ఉండాలి. ‘ఫలానా సర్వే నంబరులో నివాస ప్రాంతం చూపించారు. ఇక్కడ మురుగు కాలువ ఉంది, ఫొటో జతచేశాం. దీన్ని కాలువగానే ఉంచండి’ అంటే చాలు. వందమంది ఒకే కాగితం మీద సంతకాలు పెట్టడం కన్నా ఎవరి అర్జీ వాళ్లు ఇవ్వడం మేలని నేనంటాను. తేదీ, ముద్ర ఉన్న రసీదు తీసుకోకుండా కౌంటర్ దగ్గర్నుంచి కదలొద్దు. ఒకసారి రసీదు అడగడానికి మొహమాటపడ్డాం. తర్వాత మా అర్జీలు ఎక్కడా దొరకలేదు.

విచారణకు పిలిస్తే ముగ్గురు మాట్లాడితే చాలు. అందులో ఒకరు ఆ నేల దున్నేవారై ఉండాలి.

ఫ్లెక్సీని జాగ్రత్తగా చుట్టి దాచండి. తుది ప్లాన్ వచ్చిన రోజు దాన్ని మళ్లీ అదే అరుగు మీద పరిచి, కొత్త మ్యాప్ పక్కన పెట్టి, ఎవరి అర్జీ ఏమైందో పేరు పేరునా చదివి చెప్పండి. తోసిపుచ్చిన వాటికి కారణం రాతపూర్వకంగా అడగండి.