రెండో రూటర్ కలిపే ముందు డీహెచ్‌సీపీ ఆపండి

ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టడానికి ఆఖరి రోజు సాయంత్రం మా అక్క కూతురు ల్యాప్‌టాప్ తెరిస్తే, వైఫై గుర్తు నిండుగా కనబడుతున్నా ఒక్క పేజీ కూడా తెరుచుకోలేదు. పక్కనే ఉన్న వాళ్ల నాన్న ఫోన్‌లో నెట్ బాగానే వస్తోంది. పక్కింటికి పరుగెత్తి, గడువుకు పావుగంట ముందు ఆప్షన్లు సేవ్ చేసింది. మర్నాడు నేను వెళ్లి చూస్తే ల్యాప్‌టాప్ ఐపీ అడ్రస్ 192.168.0.104 అని ఉంది. ఆ ఇంట్లో ఫైబర్ రూటర్ ఇచ్చే అడ్రసులన్నీ 192.168.1తో మొదలవుతాయి. పడగ్గదికి సిగ్నల్ అందడం లేదని అటక మీది వేరే కంపెనీ పాత రూటర్‌ను దించి, ఫైబర్ రూటర్ నుంచి కేబుల్ తెచ్చి దాని ల్యాన్ పోర్టుకు (ఇంట్లో పరికరాలను కేబుల్‌తో కలిపే చోటు) పెట్టి వదిలేశారు.

ఇంట్లో ప్రతి పరికరానికీ అడ్రస్ ఇచ్చి, బయటికి వెళ్లే దారి చూపించే పని డీహెచ్‌సీపీది. ఆ పనిని రెండు రూటర్లు చేస్తే, ఎవరి జవాబు ముందు అందితే పరికరం వాళ్లనే నమ్ముతుంది. పాత రూటర్ తానే దారి అంటుంది కానీ దానికి ఇంటర్నెట్ లైనే లేదు. అందుకే ఒక ఫోన్‌లో నెట్ వచ్చి మరో దాంట్లో రాదు, ఉదయం పనిచేసింది సాయంత్రానికి ఆగిపోతుంది, తప్పంతా లైనుదే అనిపిస్తుంది. ఈ ఒక్క పొరపాటుతో కనెక్షన్లు మార్చుకున్న వాళ్లను, కొత్త ల్యాప్‌టాప్ కొన్న వాళ్లను కూడా చూశాను.

కలిపే ముందు: రెండో రూటర్‌ను ఒక్క కంప్యూటర్‌కే కేబుల్‌తో కలిపి సెట్టింగ్స్ తెరవండి. యాక్సెస్ పాయింట్ మోడ్ (అడ్రసులు పంచకుండా వైఫై మాత్రమే ఇచ్చే పద్ధతి) ఉంటే అదే ఎంచుకోండి. లేకపోతే ముందు దాని ల్యాన్ అడ్రస్‌ను (ఇంటి నెట్‌వర్క్‌లో ఆ రూటర్ సొంత అడ్రస్) ప్రధాన రూటర్ వరుసలోకి, అంటే మా అక్క ఇంట్లో అయితే 192.168.1తో మొదలయ్యేలా, కానీ ప్రధాన రూటర్ పరికరాలకు పంచే అంకెలకు బయట ఉండేలా మార్చి, ఆ తర్వాతే డీహెచ్‌సీపీ ఆపండి. ఈ క్రమం తప్పితే కంప్యూటర్‌కు అడ్రస్ అందక మళ్లీ సెట్టింగ్స్‌లోకి వెళ్లడం కష్టమవుతుంది. ఏ మోడ్‌లో పెట్టినా డీహెచ్‌సీపీ ఆగిందో లేదో కళ్లారా చూడండి.

కరెంటు వైపు: అడాప్టర్ పిన్ను సరిపోయిందంటే వోల్టేజీ సరిపోయినట్టు కాదు. 9 వోల్టుల రూటర్‌కు 12 వోల్టుల అడాప్టర్ పెడితే కాలిపోవచ్చు. ప్రతి అడాప్టర్ మీదా అది ఏ రూటర్‌దో రాసి అంటించండి.

టీపీ-లింక్ డెకో, నెట్‌గేర్ ఆర్బీ రూటర్లు ఒకే మెష్‌గా (కొన్ని రూటర్లు కలిసి ఒకే వైఫైగా పనిచేసే ఏర్పాటు) కలవవు, కలుస్తాయని కొనకండి. రెండు రూటర్ల మధ్య ఒక్క కేబులే ఉండాలి. రెండో కేబుల్ పెడితే డేటా చుట్టూ తిరిగి ఇల్లంతా నెట్ స్తంభించవచ్చు. వైఫై పేరు, పాస్‌వర్డ్, భద్రతా పద్ధతి రెండింటిలోనూ ఒకటే పెట్టండి. 2.4 గిగాహెర్ట్జ్ వైఫై బ్యాండ్‌లో 1, 6, 11 ఛానెళ్లలో చెరొకటి ఇవ్వండి. అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో వైఫైకి కలిపే సదుపాయం) ఆపండి. అప్‌డేట్లు ఆగిపోయిన రూటర్‌ను అసలు కలపకండి. నెట్ రాలేదని ఎవరినీ రీసెట్ బటన్ నొక్కనివ్వకండి. నొక్కితే డీహెచ్‌సీపీ మళ్లీ మొదలవుతుంది. నొక్కేశారా, వెంటనే కేబుల్ తీసేయండి, డీహెచ్‌సీపీ ఆపండి, ఆ తర్వాతే మళ్లీ కలపండి.