కార్పెట్ కడిగే మెషిన్ నీళ్లు లాగట్లేదా? ముందే మోటార్ విప్పకండి

"సక్షన్ లాగట్లేదండి, మోటార్ పోయినట్టుంది." భీమవరం నుంచి అమలాపురం దాకా టెంట్ హౌస్ వాళ్లు ఫోన్ చేస్తే మొదటి మాట ఇదే. మురికినీళ్ల ట్యాంకు మూత తీసి చూశారా అని అడుగుతాను. చాలామంది చూసి ఉండరు. మూత కింది రబ్బరు రింగు మీద కొబ్బరి పీచు ఒక్కటి పడినా మూత సరిగా కూర్చోదు, గాలి అక్కడే లీకవుతుంది. రింగు తుడవండి, జల్లెడకి పట్టిన బొచ్చు తీసెయ్యండి. ఇది రోజూ పని అయ్యాక చెయ్యాల్సింది, మెషిన్ మొరాయించాక కాదు.

అయినా లాగకపోతే సక్షన్ గొట్టం చూడండి. నేను దెబ్బతిన్నది ఇక్కడే. పాలకొల్లులో ఒక ఫంక్షన్ హాల్ మెషిన్‌కి కొత్త మోటార్ వేశాను. షాపులో బ్రహ్మాండంగా లాగింది. హాల్లో మాత్రం కార్పెట్ మళ్లీ తడితడిగానే ఉండిపోయింది. తెల్లారితే పెళ్లి. పక్కనే కూర్చుని గమనిస్తే, కుర్రాడు వాండ్ (కార్పెట్ మీద నడిపే పొడుగు పిడి) వెనక్కి లాగినప్పుడల్లా సన్నగా ఈల వస్తోంది. గొట్టం కఫ్‌లోకి, అంటే చివర బిగించే తొడుగులోకి, దూరే చోట, మడతల మధ్య, గోరంత చీలిక. చాపి పెడితే మూసుకుంటుంది, వంగితే తెరుచుకుంటుంది. షాపులో నేను గొట్టాన్ని తిన్నగా చాపి చూశాను! ఆ మోటార్ డబ్బులు వాళ్లకి వెనక్కిచ్చాను.

అందుకే ఇలా చూడండి. గొట్టం పీకేసి, మెషిన్ మూతికి అరచెయ్యి రెండు సెకన్లు ఆనించండి. అక్కడ గట్టిగా పట్టుకుంటే మోటార్ బాగున్నట్టే. గొట్టం తగిలించి, దాని చివర చెయ్యి పెట్టి, రెండు కొసల దగ్గరా ఇంకొకరిని వంచమనండి. వంచగానే పట్టు సడలిందంటే చీలిక ఉంది. ఎక్కడో దొరక్కపోతే అగరుబత్తి వెలిగించి, గొట్టానికి తగలకుండా దాని వెంట నడపండి. పొగ ఎక్కడ లోపలికి పోతే అక్కడే. కఫ్ ఊడదీసి, చీలిక దాటి కోసి, మళ్లీ బిగించండి. టేప్ వద్దు, తడికి జిగురు నిలవదు. ఇంటికెళ్లాక గొట్టాన్ని మేకుకి వేలాడదీయకుండా చుట్ట చుట్టి నేల మీద పెట్టండి.

మూతి దగ్గరే పట్టు లేకపోతే ట్యాంకులో ఫ్లోట్ (నీళ్లు నిండితే పైకి తేలి గాలి దారి మూసే బుడ్డి) పైనే ఇరుక్కుందేమో చూడండి. కార్పెట్‌లో పాత సర్ఫ్ మిగిలి ఉంటే నురగ లేస్తుంది. నురగకి ఫ్లోట్ సరిగా లేవక తడి మోటార్‌లోకి పోతుంది. ట్యాంకులో నురగ అణిచే డీఫోమర్ పొయ్యండి.

స్ప్రే ఒక పక్కకే కొడుతోందా? కాలవకి నీళ్లు ఆపేశాక నరసాపురం వైపు ఉప్పు బోరు నీళ్లు పోస్తారు, నీళ్లు చిమ్మే జెట్‌కి తెల్లగా పేరుకుంటుంది. వెనిగర్ కలిపిన నీళ్లలో అరగంట నానబెట్టి బ్రష్‌తో రుద్దండి. పిన్ను పెట్టి పొడిస్తే రంధ్రం పాడై, ఇక ఆ జెట్ మార్చాల్సిందే.

మోటార్‌లో కార్బన్ బ్రష్‌లు అరగడం, పంపు పోవడం వీటి తర్వాతి సంగతి. పైవన్నీ చూశాకే మెకానిక్‌ని పిలవండి. ఏలూరు ఉన్ని తివాచీ మీద మాత్రం సక్షన్ సరిగా ఉందని తేలేదాకా చుక్క నీళ్లు కూడా కొట్టకండి. మన గాలిలో తడి ఉన్ని ఓ పట్టాన ఆరదు.