మందారం ఏపుగా ఉంది, మొగ్గలే లేవా?
బాల్కనీలోని మందారం నవనవలాడుతూ పెరుగుతున్నా ఒక్క మొగ్గ కూడా వేయకపోతే, ఎరువు సంచి విప్పేముందు వెలుతురు సంగతి చూడండి. ఆకులు వెడల్పుగా, పలచగా, ముదురు ఆకుపచ్చగా ఉండి, కణుపుల మధ్య దూరం సాగిందంటే మొక్కకు ఎండ చాలడం లేదు. కొద్దిపాటి వెలుగుతో అది తయారుచేసుకునే పిండిపదార్థం ఆకులూ వేళ్లూ బతకడానికే ఖర్చయిపోతుంది, మొగ్గలకు మిగలదు.

ఈ విషయంలో మన కంటిని నమ్మడానికి లేదు. మిట్టమధ్యాహ్నపు ఎండ దాదాపు 1,00,000 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) ఉంటే, గది మధ్యలో కొన్ని వందలే. కంటికి మాత్రం రెండూ వెలుగే! ఫోనులో లక్స్ కొలిచే యాప్ వేసుకుని, ఆకుల ఎత్తులో పెట్టి చూడండి. అంకె కచ్చితంగా ఉండదు కానీ, ఈ మూలకూ ఆ మూలకూ తేడా పోల్చుకోవడానికి చాలు.

మందారం, గులాబీ బాగా పూయాలంటే రోజుకు ఆరు గంటలైనా నేరుగా ఎండ తగలాలి. అంత ఎండ రాని చోట, నీడలోనూ పూసే ఆంథూరియం మొక్కే నయం. దానికి మండుటెండ తగిలితే ఆకులు పాలిపోయి మాడతాయి. నీడకు అలవాటుపడిన మందారాన్ని కూడా ఒకేసారి మేడ మీదికి ఎక్కించకండి. వారం పది రోజులు ఉదయపు ఎండ చూపించి, ఆ తర్వాత పూర్తి ఎండలోకి మార్చండి.