ప్రాజెక్టుల కాలంలో క్యూబ్స్ వాడేవారికి జాగ్రత్తలు

వేసవి మొదలయ్యేసరికి నల్లగొండ, మహబూబ్‌నగర్ ఇంజనీరింగ్ కాలేజీల్లో ఫైనలియర్ ప్రాజెక్టుల హడావుడి పట్టుకుంటుంది. గైడ్ రేపే డెమో చూపమంటారు. ఇక్కడ కోడ్ ఏదో లైబ్రరీ లేదని మొరాయిస్తుంది. సీనియర్ పంపిన జాబితాలోని పేర్లన్నీ వరసపెట్టి ఎక్కించేస్తారు. భద్రత కోసమని క్యూబ్స్ ఓఎస్ (ఒక్కో పనిని 'క్యూబ్' అనే విడి గదిలో నడిపే ఆపరేటింగ్ సిస్టమ్) పెట్టుకున్నవారు కూడా సరిగ్గా ఈ వారాల్లోనే దాని లాభాన్ని చేజేతులా పోగొట్టుకుంటారు.

క్యూబ్స్‌లో ఫెడోరా, డెబియన్ అనే లినక్స్‌ల టెంప్లేట్‌లు, అంటే మూల నమూనాలు, ఉంటాయి. చదువు, బ్యాంకు, సొంత పనుల క్యూబ్‌లన్నీ వాటి మీద ఆధారపడి నడుస్తాయి. టెంప్లేట్‌లో ఒక చెడ్డ ప్యాకేజీ చేరితే, నారుమడిలో తెగులు పొలమంతా పాకినట్లు, దాన్ని వాడే ప్రతి క్యూబ్‌కూ చేరుతుంది. అందుకే టెంప్లేట్‌కు నేరుగా నెట్ ఇవ్వలేదు. అప్‌డేట్ల కోసం ఒక ప్రాక్సీ, అంటే మధ్యవర్తి దారి, మాత్రం ఉంటుంది. ఆ ప్రాక్సీని పిప్‌కు (పైథాన్ లైబ్రరీలు ఎక్కించే సాధనం) చూపించి పని కానిచ్చేవారున్నారు. పని అవుతుంది, కానీ చేయకండి. ఆ లైబ్రరీ డెబియన్ లేదా ఫెడోరా సొంత రిపాజిటరీలో (ప్యాకేజీల భండారంలో) ఉందేమో ముందు వెతకండి. నమ్‌పై, పాండాస్ వంటివి అక్కడే దొరుకుతాయి, డిజిటల్ సంతకాలతో వస్తాయి. కొత్త వెర్షన్ కాదని చిన్నచూపు వద్దు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే ఫైళ్లు కుదించే సాధనంలో దొంగదారి బయటపడినప్పుడు డెబియన్ స్టేబుల్ వాడేవారికి ఏమీ కాలేదు, అంత కొత్త వెర్షన్ వారి దాకా రాలేదు గనుక.

అక్కడ దొరకనివాటికి ప్రాజెక్టు పేరుతో విడిగా ఒక క్యూబ్ చేసుకోండి. అందులో కోడ్ తప్ప ఏమీ ఉండకూడదు. మెయిల్ లాగిన్ వద్దు, ఎస్ఎస్‌హెచ్ తాళాలు (వేరే కంప్యూటర్లలోకి లాగిన్ అయ్యే కీలు) అసలే వద్దు. 2019 డిసెంబరులో 'పైపీఐ' (PyPI) అనే పైథాన్ ప్యాకేజీల భండారం నుంచి తీసేసిన ఒక నకిలీ జెల్లీఫిష్ ప్యాకేజీ సరిగ్గా ఆ తాళాలనే దొంగిలించేది. అసలు పేరులోని చిన్న ఎల్ బదులు పెద్ద ఐ పెట్టారు. కంటికి తేడా తెలియదు. పేరును టైపు చేయకుండా అసలు ప్రాజెక్టు పేజీ నుంచి కాపీ చేసుకోవడం మేలు. ఏఐ చెప్పిన పేరైతే ఇంకా అనుమానించండి. అవి లేని ప్యాకేజీల పేర్లు కూడా ధీమాగా చెబుతాయి, ఆ పేర్లను ముందే కబ్జా చేసి కూర్చునేవారుంటారు.

అసలు పేరే అయినా నిన్న వచ్చిన వెర్షన్ జోలికి పోకండి. 2025 సెప్టెంబరులో ఎన్‌పీఎంలో (జావాస్క్రిప్ట్ ప్యాకేజీల భండారం) చాక్, డీబగ్ వంటి పేరున్న ప్యాకేజీలనే హైజాక్ చేశారు. చెడ్డ వెర్షన్లను కొన్ని గంటల్లో తీసేశారు. దెబ్బతిన్నది ఆ గంటల్లో తొందరపడినవారే.

చాలామంది గమనించని సంగతి: ప్యాకేజీని ఎక్కించేటప్పుడే దాని కోడ్ నడవగలదు, మీరు ఇంపోర్ట్ చేసేదాకా ఆగదు. పైథాన్ సోర్స్ ప్యాకేజీలో సెటప్ ఫైలు, ఎన్‌పీఎంలో ఇన్‌స్టాల్ స్క్రిప్టులు, రస్ట్‌లో బిల్డ్ స్క్రిప్టు ఈ పనే చేస్తాయి. పైగా క్యూబ్‌లో పూర్తి అధికారం ఇచ్చే 'సుడో' కమాండ్ మామూలుగా పాస్‌వర్డ్ కూడా అడగదు. కాబట్టి నెట్ ఉన్న ఒక డిస్పోజబుల్ క్యూబ్‌లో (మూస్తే చెరిగిపోయేది) పిప్ డౌన్‌లోడ్‌తో వీల్ ఫైళ్లు (ముందే తయారై వచ్చే ప్యాకేజీలు) మాత్రమే తెచ్చుకోండి. 'ఓన్లీ-బైనరీ' ఆప్షన్ పెడితే సోర్స్ ప్యాకేజీల జోలికి పోదు. ఫైళ్లను కాపీ కమాండ్‌తో ప్రాజెక్టు క్యూబ్‌కు పంపితే క్యూబ్స్-ఇన్‌కమింగ్ ఫోల్డర్‌లో పడతాయి. ప్రాజెక్టు క్యూబ్‌కు నెట్‌వర్క్ 'నన్' అని పెట్టి, ఆ ఫోల్డర్ నుంచే ఎక్కించండి. ఫైళ్ల హ్యాష్‌లు (వేలిముద్ర లాంటి అంకెలు) రాసిపెట్టుకుంటే మరో సహచరుడి ల్యాప్‌టాప్‌లో అవే ఫైళ్లు వచ్చాయో లేదో తెలుస్తుంది. జావాస్క్రిప్ట్ వాళ్లు 'ఇగ్నోర్-స్క్రిప్ట్స్' వాడండి. కొన్ని ప్యాకేజీలు అప్పుడు పనిచేయవు. ఎందుకు పనిచేయలేదో చూసి, అవసరమైనదాన్నే అనుమతించండి.

ప్రాజెక్టుకు నెట్ తప్పనిసరైతే క్యూబ్ ఫైర్‌వాల్ పెట్టుకోవచ్చు. అయితే సమాచారం బయటికి పోకుండా అదే ఆపుతుందని నమ్మకండి, అది అందుకోసం తయారైనది కాదు.

అనుమానం వస్తే క్యూబ్‌ను రీస్టార్ట్ చేసి ఊరుకోవద్దు. టెంప్లేట్ నుంచి వచ్చిన భాగం కొత్తగా వస్తుంది గానీ హోమ్ ఫోల్డర్, యూజర్-లోకల్ (/usr/local) ఫోల్డర్ అలాగే ఉంటాయి. టెర్మినల్ తెరిచినప్పుడల్లా నడిచే బ్యాష్-ఆర్‌సీ ఫైలులో ఒక్క వాక్యం చేరినా మళ్లీ మొదలవుతుంది. కోడ్ ఫైళ్లను మాత్రం చదివి చూసి బయటికి తీసి, ఆ క్యూబ్‌ను తొలగించి కొత్తది చేసుకోండి.

క్యూబ్స్‌కు 16 జీబీ ర్యామ్ ఉంటే మంచిది. 8 జీబీ ల్యాప్‌టాప్ వాళ్లు ఎక్కించే సమయంలో బ్రౌజర్ క్యూబ్‌లు మూసుకోండి. నెమ్మదిగా ఉందని విసిగి అన్నీ ఒకే క్యూబ్‌లో కలపవద్దు.

చివరి రోజుల్లో రిపోర్టు ప్రింటుకు, బైండింగ్‌కు జిరాక్స్ షాపుకు వెళ్లిన పెన్‌డ్రైవ్ సంగతీ చూసుకోండి. తిరిగొచ్చాక దాన్ని యూఎస్‌బీ పరికరాలను చూసుకునే సిస్-యూఎస్‌బీ క్యూబ్ నుంచి నేరుగా ప్రాజెక్టు క్యూబ్‌కు కలపకండి. అందులోని ఫైలు తెరవాల్సి వస్తే డిస్పోజబుల్‌లో తెరవండి.