స్పిండిల్ సాండర్ కొనే ముందు జాగ్రత్తలు

వరంగల్, హన్మకొండ వడ్రంగి షాపుల్లో టేకు కుర్చీల వంపులను నునుపు చేయడానికి నేలపై నిలబడే స్పిండిల్ సాండర్ (స్పిండిల్ అనే నిలువు ఇరుసుకు తొడిగిన సాండ్‌పేపర్ గొట్టాన్ని తిప్పుతూ చెక్కను అరగదీసే యంత్రం) కొనదలచినవారు, ధర అడగడానికి ముందే తమ షాపు కరెంటు సింగిల్ ఫేజో త్రీ ఫేజో చూసుకోవాలి; 110 వోల్టుల దిగుమతి మోటారును మన 230 వోల్టుల లైనుకు నేరుగా కలిపితే కాలిపోతుంది.

స్పిండిల్ తిరుగుతూనే పైకీ కిందికీ కదలడం వల్ల సాండ్‌పేపర్ గొట్టం ఒకే చోట అరగదు, చెక్కపై గీతలూ తగ్గుతాయి. కాబట్టి అసలు పరీక్ష అక్కడే జరగాలి: ప్లగ్గు తీసి, స్పిండిల్‌ను చేత్తో పక్కకు ఊపి చూడాలి, వదులుగా కదిలితే, రంగు ఎంత మెరుస్తున్నా, ఆ యంత్రం వద్దు.

బల్ల పోత ఇనుముదైతే మేలు. స్పిండిల్ బయటికొచ్చే బల్ల రంధ్రంలో అమర్చడానికి ప్రతి స్పిండిల్ సైజుకూ తగిన రింగు ఉండాలి, లేకపోతే స్పిండిల్ చుట్టూ మిగిలే సందులోకి చిన్న ముక్కలు, ఒక్కోసారి వేళ్లు కూడా ఇరుక్కుంటాయి. టేకు పొడి ఊపిరితిత్తులకు చేటు కనుక దుమ్ము లాగే గొట్టానికి అమరిక తప్పనిసరి.