విడాకులైనంక పిల్లల్ని ఇద్దరు కలిసి ఎట్ల పెంచుకోవాలె

మాది మేనరికం. విడాకులైనా మేనమామ కొడుకు మేనమామ కొడుకే కదా, పెండ్లిళ్లల్ల దినాలల్ల ఎదురువడకుంట ఎట్లుంటం, అందుకే ఇప్పటికీ బావ అనే పిలుస్త. ఆయన దేవరకొండల, నేను పాప నల్లగొండల. నాలుగేండ్లాయె. మొదటి ఏడాది మేం చేసిన తప్పులు ఇంకెవ్వరు చేయొద్దని రాస్తున్న.

ముందుగాల కాయిదం సంగతి. మనదిక్కు పెద్దమనుషులు కూసొని స్టాంపు పేపరు మీద రాయించి ఇగ తెగిపోయిందంటరు, గని కులాచారం ఉన్నదని కోర్టుల రుజువైతే తప్ప దాంతోని విడాకులు కావు. ఇద్దరికి ఇష్టమే అయితే 1955 హిందూ వివాహ చట్టం 13బీ కింద పిటిషన్ వేస్తరు, పిల్ల ఎవరి దగ్గరుంటది, ఎన్నొద్దులకోసారి ఎవరు తీస్కపోవాలె, ఫీజు ఎవరు కట్టాలె అన్నీ అండ్లనే రాయించుకోండ్రి. "అప్పుడప్పుడు చూడొచ్చు" అని రాస్తే రేపు లొల్లే, "రెండో శనివారం పొద్దుగాల 10కి బస్టాండ్‌ల" అన్నట్టు రాయాలె. తర్వాత పరిస్థితి మారితే 26వ సెక్షన్ కింద మార్పించుకోవచ్చు. వకీలుకు పైసలు లేకుంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పోండ్రి, ఆడోళ్లకు పిల్లలకు ఆదాయం ఎంతున్నా ఉచితమే.

ఇగ అసలు మాట. పిల్లతోని మాటలు మోయించొద్దు. నేను మోయించిన. "మీ డాడీని ఫీజు ఎప్పుడు కడ్తడో అడుగు" అని పంపేది, తిరిగొచ్చినంక అక్కడ ఏం వండిండ్రు, ఎవరొచ్చిండ్రు, నన్నేమన్నరు అని గుచ్చిగుచ్చి అడిగేది. ఒక ఆదివారం రాత్రి బ్యాగు సదురుతుంటే అడుగున పేపర్ల చుట్టి పసుపురంగు ఫ్రాకు దొరికింది, చీటి గూడ చింపలే. ఎందుకు దాచినవ్ బిడ్డా అంటే "డాడీ కొనిచ్చిండు, నువ్వు ఏడుస్తవని" అన్నది. ఏడేండ్ల పిల్ల. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే. తెల్లారి ఆ ఫ్రాకే ఏసి ఫోటో తీసి బావకు పంపిన.

అప్పటిసంది ఫీజు ఆయన సీదా స్కూలుకే ఫోన్‌పే చేస్తడు, నాకు స్క్రీన్‌షాట్ పెడ్తడు. వాట్సాప్‌ల పాప ముచ్చట తప్ప పాత ముచ్చట తియ్యం, కోపమొస్తే రాత్రి రిప్లై ఇయ్యకుంట పొద్దున ఇస్త. స్కూలు గ్రూపుల ఇద్దరి నంబర్లు ఉండాలె, తండ్రిని గ్రూపుల నుంచి తీసేయించుడు చానా తప్పు.

దూరంగ ఉన్న తల్లితోనో తండ్రితోనో పిల్ల రోజు 5 నుంచి 10 నిమిషాలు మాట్లాడేటట్టు చూడాలని 2020ల సుప్రీంకోర్టు ఒక కేసుల చెప్పింది. మా ఇంట్ల రాత్రి 8కి, అన్నం తిన్నంక. నేను అవతలి రూంలకు పోత, పక్కన నిలవడి వినుడు వద్దు.

పండుగలు ముందే పంచుకోండ్రి. సద్దుల బతుకమ్మ నా దగ్గర, దసరాకు జమ్మి పెట్టి నాయనమ్మ కాళ్లు మొక్కనీకి అక్కడ. బ్యాగుల మందులు, డోసు చీటి, హోంవర్కు పుస్తకం, ఆధార్ మర్వొద్దు, ఆర్టీసీ బస్సుల ఆడోళ్లకిచ్చే ఫ్రీ టికెట్‌కు (జీరో టికెట్) కావాలె. మనకంటె ఎక్కువ అమ్మమ్మలు నాయనమ్మలే నోరు జారుతరు, మా అమ్మకు నేను కాళ్లు పట్టుకొని చెప్పిన, పాప ముంగట బావను తిట్టకని.

ఇదంతా మామూలు గొడవలతోని ఇడిపోయినోళ్లకు. కొట్టుడు, బెదిరిచ్చుడు ఉన్నకాడ సర్దుకపొమ్మని నేను చెప్ప, 181కి ఫోన్ చేయండ్రి, పిల్లలకు ఏమన్నయితే 1098, కలిసేదేమన్నుంటే కోర్టు చెప్పినట్టే.

రెండో పెండ్లి మాట బయటోళ్ల నోట పిల్ల వినకముందే మనమే చెప్పాలె. బావకు సంబంధం కుదిరినప్పుడు ముందు నాకు ఫోన్ చేసిండు. దేవరకొండ బస్టాండ్‌ల బెంచి మీద పాపను నడుమ కూసోవెట్టుకొని ఇద్దరం చెప్పినం. చానాసేపు మాట్లాడలే. ఆమెను ఏమని పిలవాలె అన్నది. నీకేమనబుద్ధయితే అదే అన్నం. "చిన్నమ్మ అంట" అన్నది, నా దిక్కు చూసుకుంట.